ఒక్క మాట కరువైన ఊరు

కూసిలాంపి వాళ్ళ గురించి చుట్టుపక్కల ఒక మాట ఉంది. ఇంటికి నిప్పంటుకుంటే వాళ్ళు ఫైరింజన్‌కి ఫోన్ చేసి, అవతలివాళ్ళు "హలో" అనేసరికి మొహమాటపడి పెట్టేస్తారట. ఇది పచ్చి అబద్ధం. పెట్టెయ్యరు. అవతలివాళ్ళే అర్థం చేసుకుంటారేమోనని ఫోను చెవి దగ్గర పెట్టుకుని కాసేపు చూస్తారు.

ఆ ఊళ్ళో ఇద్దరు స్నేహితులు ఏళ్ళ తరవాత కలుసుకుంటే ఒకడు "ఊఁ" అంటాడు, రెండోవాడు "ఊఁ" అంటాడు. ఇంకో "ఊఁ" వినబడిందంటే ఎవడో తాగి ఉన్నాడని లెక్క. బస్సులో మనిషి పక్క సీటు ఖాళీగా ఉంటే దానిమీద సంచి కూచుంటుంది గానీ ఇంకో మనిషి కూచోడు. ఫిన్లండ్‌లో ఇలాంటి ఊళ్ళకి తక్కువేం లేదు. ఆ ఊళ్ళవాళ్ళే కూసిలాంపి వాళ్ళని చూసి "పాపం, మాట్లాడరు" అంటారంటే మీరే ఊహించుకోండి.

అలాంటి ఊళ్ళో ఆర్నె పుట్టాడు. ఊరందరికీ తలో గుప్పెడు పంచమని దేవుడు పంపిన మాటల మూటని, మోసేవాడెవడో బద్ధకించి ఆయన ఉయ్యాల్లోనే కుమ్మరించి పోయాడు. పడుచుతనంలో ఏట్లో దుంగలు తోలాడు, తరవాత కాగితం మిల్లు కలప యార్డులో పనిచేసి రిటైరయ్యాడు, ఇప్పుడు డెబ్బై దాటాయి. నోటికి మాత్రం రిటైర్మెంటు లేదు. గోరంతను కొండంత చెయ్యడం అందరూ చేసే పనే. ఆర్నెకి గోరు కూడా అక్కర్లేదు.

మిల్లు మూసేసిన ఏడు దాని సైరన్ ఊడదీసి లారీకెక్కిస్తుంటే జారి సరస్సులో పడిందనీ, దాన్నొక ముసలి చేప మింగిందనీ, అప్పట్నుంచి రోజూ పొద్దున షిఫ్టు వేళకి ఆ చేప కూత పెడుతోందనీ ఆయన చెప్పేవాడు. మిల్లు లేకపోయినా ఊరంతా ఆ కూతకే లేచి, బూట్లేసుకుని, గుమ్మందాకా వెళ్ళి, ఎక్కడికెళ్ళాలో తోచక వెనక్కొచ్చి కాఫీ పెట్టుకుంటారట. చేప సంగతి అబద్ధం. బూట్ల సంగతి నిజం.

ఆ బూట్లు వేసుకునేవాళ్ళలో ఆర్నె కూతురు సిర్పా ఒకతి. మిల్లు ప్యాకింగ్ హాల్లో సగం జీవితం గడిపింది. పిల్లగా ఉన్నప్పుడు మిల్లువాళ్ళ సొంత బడిలో కరెంటు పని నేర్చుకుంటానని అడిగితే, "అది మగపిల్లల క్లాసు, ఆడపిల్లలకి ప్యాకింగ్ ఉందిగా" అన్నారు. ఆమె సరేనంది. ఆ ఊళ్ళో అది కూడా ఎక్కువ మాట్లాడినట్టే. ఇప్పుడు యాభైకి దగ్గరపడింది. మొగుడితో విడిపోయి తండ్రి ఇంటి పైగదిలో ఉంటోంది. పక్క పట్నంలో ఒక క్లీనింగ్ కంపెనీ పిలిచినప్పుడల్లా వెళ్ళి ఆఫీసులు తుడిచి వస్తుంది. ఫోను మోగిన రోజు పని, మోగని రోజు పస్తు కాదుగానీ దాని పక్కింటి సంగతి.

ఆ చలికాలం ఆమెకొక ఆశ పుట్టింది. జిల్లా వృత్తి విద్యా కళాశాల వాళ్ళు మిల్లు పాత రిపేరు షెడ్డులో పెద్దవాళ్ళకి ఎలక్ట్రీషియన్ కోర్సు పెడతామన్నారు. వయసుతో పనిలేదు, ఆడా మగా తేడా లేదు. సగం ఖర్చు యూరోపియన్ యూనియన్ నిధి ఇస్తుంది, మిగతా సగం ఊరి మున్సిపాలిటీ వేసుకోవాలి. అయితే మున్సిపాలిటీ ఆ సొమ్ముకి అప్పటికే ఇంకో పెళ్ళికొడుకుని చూసిపెట్టింది. ఫిన్లండ్ దక్షిణాది నుంచి ఒక బ్యాటరీల కంపెనీ రావచ్చు అంది. సరస్సు మొనమీద స్థలం చదును చేసి, అక్కడిదాకా కొత్త రోడ్డు వేసిపెడితే రావచ్చు. వస్తాననలేదు, రావచ్చు అంది. రెండింటికీ డబ్బు చాలదు.

ఏది కావాలో ప్రజల్ని అడుగుదామని ఫిబ్రవరిలో ఒక సాయంత్రం బడి భోజనాల హాల్లో మీటింగు పెట్టారు. సిర్పా కారు ఆపింది గానీ దిగలేదు.

"నాన్నా, ఈ ఒక్కపూట నువ్వు మాట్లాడకు."

"నేనేం మాట్లాడతానే."

"ఈతకొలను మీటింగులో ఏం మాట్లాడావో పేపర్లో వచ్చింది. ప్యాకింగ్ హాల్లో మావాళ్ళు గోడకి అంటించుకున్నారు."

"అందులో తప్పేముంది? దోమ మునిగిపోతుంటే లైఫ్‌గార్డు దూకాడా లేదా? ఆ దోమ సైజు చూస్తే నువ్వూ దూకేదానివి."

"నాన్నా."

"సరే."

"ఒక్క ముక్క వద్దు. దగ్గు కూడా వద్దు. నువ్వు మొదలుపెడితే అందరూ నవ్వుతారు, నవ్వి ఇంటికెళ్ళిపోతారు. నాకిది నవ్వులాట కాదు. ఇది పోతే నాకు ఇంకోటి రాదు."

ఆర్నె పెదాలకి తాళం వేసినట్టు వేలితో చూపించి, ఆ తాళంచెవిని మంచులోకి విసిరేశాడు.

హాలు నిండింది. అంటే వెనక వరసలు నిండాయి. ముందు మూడు వరసలూ ఎప్పటిలాగే కుర్చీలకే వదిలేశారు. కాఫీ, యాలకుల బన్నులూ పంచారు. కౌన్సిల్ అధ్యక్షుడు యోర్మా లేచి నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఇంటిముందు మంచుని కూడా మూలలు తీర్చి పోగేసే మనిషి. రోడ్డు గురించి బొమ్మలు చూపించాడు, కోర్సు గురించి కూడా అన్నే బొమ్మలు చూపించాడు. ఆఖర్న అడిగాడు.

"ఈ కోర్సు కావాలనుకునేవాళ్ళు ఉంటే ఇప్పుడు చెప్పండి."

హాల్లో కూచున్నవాళ్ళలో ముప్పాతికమంది ఆ కోర్సు కోసమే వచ్చారు. ఒక్కరూ కదల్లేదు. ప్రతివాడూ పక్కవాడు మొదలుపెడతాడనుకున్నాడు, పక్కవాడు ఆ పక్కవాడి వైపు చూశాడు. అలా చూపులు చేతులు మారి మారి చివరికి ఆర్నె దగ్గరికొచ్చి ఆగాయి. ఆ ఊళ్ళో మీటింగులు అలాగే జరుగుతాయి మరి. ముందు ఆర్నె ఏదో కోతలు కోస్తాడు, జనం నవ్వుతారు, ఆ నవ్వు చాటున ఒకరిద్దరు అసలు మాట జారవిడుస్తారు. ఏట్లో మొదటి దుంగ కదిలితేనే మిగతావి కదుల్తాయి. ఆ రోజు మొదటి దుంగ, కూతురికిచ్చిన మాట కోసం, బన్ను మొత్తం నోట్లో కుక్కుకుని కళ్ళు తేలేసి కూచుంది.

మౌనం అర్ధాంగీకారం అంటారు. కూసిలాంపిలో మౌనం పూర్తి అంగీకారం కావచ్చు, పూర్తి నిరాకరణ కావచ్చు, బన్ను బావుందని కావచ్చు.

"అయితే అవసరం ఉన్నట్టు లేదు," అన్నాడు యోర్మా, కొంచెం ఆశ్చర్యంగానే. "రోడ్డు సంగతే కౌన్సిల్‌కి పంపుతాం. కాఫీ ఇంకా ఉంది, వృథా చెయ్యకండి."

కాఫీ వృథా చెయ్యలేదు.

కార్లో సిర్పా తాళం తిప్పలేదు. స్టీరింగు పట్టుకుని అద్దంలోంచి బడి గోడకేసి చూస్తూ కూచుంది.

"నువ్వెందుకు మాట్లాడలేదు?"

ఆర్నె తన నోటికేసి చూపించాడు. "ఇప్పుడు మాట్లాడొచ్చా?"

"నాన్నా."

"దగ్గు కూడా వద్దన్నావు. గొంతులో బన్ను అడ్డంపడి ప్రాణం పోతున్నా దగ్గలేదు. నీలాంటి కూతురున్నవాడు అలాగే పోతాడు."

ఆమె నవ్వలేదు. "ఎవరైనా ముందు లేస్తే నేను రెండోదాన్ని లేద్దామనుకున్నాను. ఏం చెప్పాలో కూడా అనుకుని వచ్చాను."

"ఆ హాల్లో అందరూ రెండోవాళ్ళేనే అమ్మాయ్. మొదటివాడు లేకపోతే రెండోవాడు ఎక్కణ్ణుంచి వస్తాడు."

సిర్పా కారు స్టార్ట్ చేసింది. ఇంటికెళ్ళేదాకా ఆర్నె కూడా మాట్లాడలేదు. ఎవరూ వద్దనకుండానే.

మర్నాడు ఆయన లైబ్రరీకి వెళ్ళాడు. లైబ్రరీ చూసే హెల్వి కౌన్సిల్ సభ్యురాలు కూడా. ముందురోజు జ్వరంతో మీటింగుకి రాలేదు. ఆర్నె చెప్పింది విని ఆమె కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"అంతమంది ఉండి ఒక్కరూ అనలేదా?"

"బన్నులు బావున్నాయి."

"ఇంకా అయిపోలేదులే. మార్చిలో కౌన్సిల్ కూర్చుంటుంది, ఆఖరి మాట దానిది. రోడ్డు బదులు కోర్సు పెట్టాలని నేను ప్రతిపాదిస్తాను. కాని ఒకటుంది ఆర్నె. నేనొక్కదాన్నీ అంటే చాలదు. ఇంకో సభ్యుడు బలపరుస్తున్నానని పైకి అనాలి. ఎవరూ అనకపోతే నా ప్రతిపాదన అసలు పుట్టనట్టే. ఓటుకి కూడా రాదు."

"ఒక్క మాటా?"

"ఒక్కటే. అంటే మిగతావాళ్ళు చెయ్యెత్తుతారు. చెయ్యెత్తడానికి మనవాళ్ళకి భయం లేదు, నోరెత్తడానికే."

ఇద్దరూ కలిసి కౌన్సిల్ సభ్యుల్ని ఒక్కొక్కరినే వడపోశారు. కొందరు యోర్మా ఎటంటే అటు. ఒకావిడ మరదలికి సరస్సు మొనమీద భూమి ఉంది. ఇంకొకాయన మీటింగు మొదలవగానే చెవి మిషన్ కట్టేసుకుంటాడు, బ్యాటరీ ఆదా అని. చివరికి జల్లెడలో ఒక్క గింజ మిగిలింది.

"తైస్తో," అంది హెల్వి.

ఇద్దరూ కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు.

ఆర్నెకి పాత స్నేహితుడైన తైస్తోని జనం ఎన్నుకున్నది ఆయన ఎప్పుడూ ఎవరినీ నొప్పించలేదని. నోరు తెరిస్తే కదా నొప్పించడానికి.

"కౌన్సిల్లో ఎప్పుడైనా మాట్లాడాడా?"

"ఒకసారి కిటికీ మూయమన్నాడు."

"అని అన్నాడా?"

"వేలితో చూపించాడు."

మార్చి వచ్చింది. ఎండ మంచుమీద పడి కళ్ళు పొడుస్తోంది. ఆ రోజుల్లో ఊళ్ళో మగవాళ్ళందరూ సరస్సుమీద ఉంటారు. గడ్డకట్టిన నీటికి బొక్క తొలిచి, పిల్లల ఆటబొమ్మంత గేలం వదిలి, చిన్న ముక్కాలిపీట మీద సాయంత్రందాకా కూచుంటారు. ఒక్కో మనిషికీ మధ్య ఒక్కో పొలమంత దూరం. ఆర్నె తన పీట తెచ్చి తైస్తో పక్కనే వేశాడు. అంత దగ్గరగా కూచోవడం అక్కడ పెళ్ళి సంబంధానికి వచ్చినట్టే.

"ఊఁ," అన్నాడు ఆర్నె.

"ఊఁ," అన్నాడు తైస్తో.

ఆర్నె అలవాటుగా మొదలుపెట్టాడు. "ఏరా, ఆ సైరన్ మింగిన చేపని నిన్న చూశాను. చిక్కిపోయింది పాపం. దానికిప్పుడు కరెంటు పని తెలిసినవాళ్ళు కావాలట, లోపల తీగ ఏదో ఊడిందని—"

"తిన్నగా చెప్పు," అన్నాడు తైస్తో.

ఆర్నె నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది. ఇన్నేళ్ళ స్నేహంలో తైస్తో ఆయన మాటకి అడ్డురావడం అదే మొదలు. ఆర్నె ఫ్లాస్కు మూత తిప్పాడు, మళ్ళీ బిగించాడు. తిన్నగా చెప్పడం ఎలాగో వెతుక్కోవాల్సి వచ్చింది.

"సిర్పా ఫోనుని స్నానాల గదిలోకి కూడా తీసుకెళ్తుందిరా. సబ్బు పక్కన పెట్టుకుంటుంది. క్లీనింగ్ వాళ్ళు పిలిచినప్పుడు ఎత్తకపోతే ఆ పని ఇంకొకరికిచ్చేస్తారు. మొన్న మోగింది. తల నురగతోనే పరిగెత్తుకొచ్చింది. రాంగ్ నంబరు." ఆగాడు. "తరవాత నవ్వింది. నాకా నవ్వు నచ్చలేదు."

తైస్తో గేలాన్ని కొంచెం పైకి లాగి, మళ్ళీ వదిలాడు. దూరంగా ఎవరిదో కుక్క మంచుమీద జారి లేచింది.

"మికా," అన్నాడు చివరికి.

మికా ఆయన కొడుకు. మట్టి తవ్వే పనులు చేస్తాడు.

"ఏమైంది?"

"కొత్త యంత్రం కొన్నాడు. ఆ రోడ్డు పని వస్తుందని. వాడికి రెండు వేసవుల పని అది."

ఇన్నాళ్ళూ ఆర్నె ఊరంతా తిరిగి ఎగతాళి చేసిన రోడ్డు ఇది. అది స్నేహితుడి కొడుకు అన్నం గిన్నె అని ఇప్పుడు తెలిసింది.

"నాకు తెలీదురా."

"నువ్వడగలేదు. మాట్లాడావు." తైస్తో గొంతులో కోపం లేదు. "ఆ కంపెనీ వస్తుందా?"

"రావచ్చు అంది."

"వస్తే?"

"పని తెలిసినవాళ్ళని వెంట తెచ్చుకుంటుంది. మనకేం తెలుసని మనల్ని పెట్టుకుంటారు? వాళ్ళ గేటుముందు మంచు ఊడ్చే పని ఇస్తారు. ఆ రెండు వేసవులూ అయ్యాక మికా యంత్రం కూడా ఆ గేటు దగ్గరికే చీపురు పట్టుకెళ్తుంది."

"రాకపోతే?"

"సరస్సుదాకా బ్రహ్మాండమైన రోడ్డుంటుంది. దుప్పులు నడుస్తాయి."

తైస్తో ముఖంలో ఏదో కదిలింది. నవ్వు కావచ్చు, చలి కావచ్చు.

"సరే. కోర్సు పెట్టాక కంపెనీ రాకపోతే?"

ఇది గట్టి ప్రశ్న. ఆర్నె దీనికి కోతలు కొయ్యలేదు.

"కష్టమే. కాని కరెంటు లేని ఊరు లేదు కదరా. రోడ్డు కంపెనీకోసం వేస్తే, కంపెనీ రాకపోతే అది ఉత్త రోడ్డు. పని మనిషికి నేర్పితే, ఎవడొచ్చినా రాకపోయినా ఆ మనిషి దగ్గర పని ఉంటుంది."

"నేర్చుకుని వెళ్ళిపోతే?"

"కొందరు వెళ్తారు. సిర్పా వెళ్ళదు. ఇంట్లో నేనున్నాను, ఇంత వినోదం దానికి ఇంకెక్కడ దొరుకుతుంది."

తైస్తో గేలానికి అప్పుడే ఒక చారల చేప పడింది. అరచేతంత ఉంది. ఆయన దాన్ని విడదీసి, ఒకసారి చూసి, ఆర్నె బకెట్లో వేశాడు. ఆ ఊళ్ళో అలా చేప ఇస్తే సరేనని అర్థమా, ఇంక దయచెయ్యమని అర్థమా, డెబ్బై ఏళ్ళు అక్కడే బతికిన ఆర్నెకి కూడా తెలీలేదు.

కౌన్సిల్ కూర్చున్న సాయంత్రం ఇంకా ఎండ ఉంది. చూడ్డానికి వచ్చిన జనం గోడవారగా బెంచీల మీద సర్దుకున్నారు. కౌన్సిల్లో చూసేవాళ్ళు మాట్లాడకూడదని నియమం. ఇంకెక్కడైనా ఇలాంటి నియమం కోసం పోలీసులు కావాలి, కూసిలాంపిలో ఆర్నె ఒక్కడికే అది వర్తిస్తుంది. సిర్పా ఆయన పక్కనే కూచుని బెంచీ అంచు రెండు చేతులా పట్టుకుంది. ఎదుటి గోడ దగ్గర, పని బట్టల్లోనే వచ్చిన మికా టోపీ మోకాలిమీద పెట్టుకుని కూచున్నాడు.

యోర్మా రోడ్డు ప్రతిపాదన చదివాడు. హెల్వి చెయ్యెత్తింది.

"ఆ డబ్బు కోర్సుకి ఇవ్వాలని నా ప్రతిపాదన," అంది. "మనం వేసేది సగమే, మిగతా సగం యూరప్ వేస్తుంది. ఎందుకు వేస్తుందంటే, ఒక్క పెద్ద పట్నాల్లోనే పని తెలిసినవాళ్ళుంటే మొత్తం ఇల్లు ఒకవైపుకి ఒరిగిపోతుందని వాళ్ళకీ తెలుసు కనక. మన ప్యాకింగ్ హాలు ఆడవాళ్ళకి ఒకప్పుడు ఈ పని నేర్పం పొమ్మన్నారు. ఇప్పుడు నేర్పుతామంటున్నారు. మనం వద్దందామా?"

"బలపరిచేవారున్నారా?" అన్నాడు యోర్మా.

గడియారం శబ్దం వినబడింది. ఎవరిదో కుర్చీ కిర్రుమంది. కిర్రుమన్నందుకు ఆ మనిషి సిగ్గుపడ్డాడు. యోర్మా తొందరపడలేదు. నియమం ప్రకారం ఎంత ఆగాలో అంతకంటే ఎక్కువే ఆగాడు. ఆర్నె కళ్ళు తైస్తో మెడమీద ఉన్నాయి. ఆ మెడ మెల్లగా వెనక్కి తిరిగింది. తైస్తో బెంచీలకేసి చూశాడు, కొడుకు దగ్గర ఒక్క క్షణం ఆగాడు, మళ్ళీ ముందుకి తిరిగాడు. యోర్మా చెక్క సుత్తి ఎత్తాడు.

తైస్తో వేలెత్తాడు.

ఆయన పక్కన కూచున్నావిడ వెంటనే లేచి వెళ్ళి కిటికీ మూసింది.

సిర్పా కళ్ళు మూసుకుంది. అప్పుడు తైస్తో లేచి నిలబడ్డాడు. ఆ కౌన్సిల్లో ఎవరూ నిలబడి మాట్లాడరు. కాని ఆయనకి మాట్లాడ్డమే తెలీదు, కూచుని మాట్లాడాలని ఎలా తెలుస్తుంది.

"బలపరుస్తున్నాను," అన్నాడు. చలికాలమంతా మూసి ఉంచిన షెడ్డు తలుపు తీసినట్టు వచ్చింది గొంతు.

యోర్మా చేతిలో సుత్తి గాల్లోనే ఉంది. "ఎవరు అన్నది?"

"నేనే."

"దేన్ని, తైస్తో? రాసుకోవాలి కదా."

"కోర్సుని." ఆయన కూచోబోయి ఆగాడు. "మిల్లు నాకు పదిహేనేళ్ళప్పుడు పని నేర్పింది. తన పని. మూసేసి పోయినప్పుడు ఆ పని కూడా పట్టుకుపోయింది. రేపొచ్చేవాడూ అంతే. మన చేతిలో పని ఉంటే వాడొచ్చి మనల్ని అడుగుతాడు. లేకపోతే మనమే వాణ్ణి అడుక్కోవాలి." ఊపిరి తీసుకున్నాడు. "ఆ రోడ్డు నా కొడుక్కి కావాలి. నాకు తెలుసు. అయినా."

కూచున్నాడు. చెవి మిషన్ కట్టేసుకునే పెద్దమనిషి అప్పుడే దాన్ని తిప్పుకుని "ఏమన్నాడు, ఏమన్నాడు" అని పక్కవాణ్ణి పొడిచాడు.

ఓటు పెట్టారు. మొదట హెల్వి చెయ్యి, తరవాత తైస్తో చెయ్యి, ఆ తరవాత తల ఎటో తిప్పుకుని ఒక్కొక్కటే. చెవి మిషన్ ఆయన చెయ్యి ఆఖర్న లేచింది. రోడ్డుకి లేచిన చేతులకంటే రెండు ఎక్కువ.

యోర్మా ఫలితం చదివి, కాగితం పక్కన పెట్టి, బెంచీలకేసి చూశాడు. మనసు నొచ్చుకున్న మనిషి చూపు అది. "అంటే మీకు ఇదే కావాలా? ఫిబ్రవరిలో నేను అడిగాను కదా. ఎవరూ మాట్లాడలేదు."

"మేమెప్పుడు మాట్లాడాం?" అంది ప్యాకింగ్ హాలు ముసలావిడ ఒకతి, వెనకనుంచి.

"చూసేవాళ్ళు మాట్లాడకూడదు," అని యోర్మా సుత్తితో కొట్టాడు. కొడుతూ నవ్వాడు.

మికా మాత్రం చేతులు లెక్కపెట్టేలోపే వెళ్ళిపోయాడు. శనివారం శనివారం తండ్రి ఇంటి ఆవిరిగదిలో స్నానానికి వచ్చేవాడు, ఆ వసంతమంతా రాలేదు. తైస్తో ఒక్కడే పొయ్యి వెలిగించి, ఒక్కడే కూచుని, ఒక్కడే ఆర్పేవాడు. ఆర్నె వస్తానంటే వద్దన్నాడు. జూన్‌లో, సూర్యుడు అస్తమించని పండగ రోజు, మికా ఆవిరిలో ఒంటికి కొట్టుకునే బర్చి చెట్టు రెమ్మల కట్ట ఒకటి చేత్తో పట్టుకుని వచ్చాడు. పైమెట్టు మీద తండ్రి పక్కన కూచున్నాడు, కాగిన రాళ్ళమీద నీళ్ళు పోశాడు, మాట్లాడలేదు. అక్కడ రెండు దేశాలమధ్య సంధి అయినా అంతకంటే వివరంగా రాయరు. ఆగస్టులో షెడ్డుకి కేబుళ్ళు వెయ్యడానికి కాలవలు తవ్వే పని అతనికి వచ్చింది. రోడ్డంత పని కాదు. రోడ్డంత కాదని మికా ఇప్పటికీ అంటాడు, న్యాయమే.

సెప్టెంబరులో కోర్సు మొదలైంది. ప్యాకింగ్ హాలు ఆడవాళ్ళు, బడి మధ్యలో మానేసిన ఇద్దరు కుర్రాళ్ళు, యుక్రెయిన్ నుంచి వచ్చిన ఒక్సానా. ఒక్సానా ఫిన్నిష్ భాషని అడ్డదిడ్డంగా, భయం లేకుండా, మిగతావాళ్ళందరూ కలిపి మాట్లాడేదానికంటే ఎక్కువ మాట్లాడేది. ఆమె ఊరికి పట్టిన అదృష్టమని ఆర్నె తేల్చాడు. మొదటి లెక్కల పరీక్షలో సిర్పా తప్పింది. ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండా బల్లముందు కూచుని, "బుర్రకి తుప్పు పట్టింది" అంది. ఆర్నె వేయించిన చేపలు ముందుపెట్టి, తుప్పుకి చేప నూనె మంచిదన్నాడు. రెండో పరీక్షకి ఒక్సానా ఆమెకి లెక్కలు చెప్పింది, ఆమె ఒక్సానాకి వ్యాకరణం చెప్పింది. ఇద్దరూ గట్టెక్కారు, వ్యాకరణం కొంచెం కుంటుతూ.

మరుసటి వసంతంలో ఆ బ్యాటరీల కంపెనీ మనిషి షెడ్డుకి వచ్చాడు. హెలికాప్టర్లో దిగాడనీ, ఆ గాలికి ఊళ్ళో ఆడవాళ్ళ జుట్లన్నీ ఇప్పటికీ ఒకవైపుకే ఉన్నాయనీ ఆర్నె చెబుతాడు. అబద్ధం. బురద కొట్టుకున్న తెల్ల కారులో, ఉన్న పాత రోడ్డుమీదే, గుంటల్ని తిట్టుకుంటూ వచ్చాడు. కంపెనీ పక్క పట్నంలో స్థలం తీసుకుంది. అక్కడికి కరెంటు పనివాళ్ళు కావాలి, దక్షిణాదిలో దొరకడం లేదు.

"ఈ ఏడు ఎంతమంది బయటికొస్తారు?" అని టీచర్ని అడిగాడు.

"వాళ్ళే ఉన్నారుగా," అందామె. "వాళ్ళనే అడగండి."

అతను వాళ్ళవైపు తిరిగి అడిగాడు. అలవాటు ప్రకారం షెడ్డంతా నిశ్శబ్దం. అతను టోపీ సర్దుకున్నాడు. ఒక కుర్రాడు బూట్లకేసి చూసుకున్నాడు.

సిర్పా స్క్రూడ్రైవర్ బల్లమీద పెట్టింది. "జీతమెంత?"

"అది చాలావాటి మీద ఆధారపడి ఉంటుందండీ."

"అయితే మేమొచ్చేదీ వాటిమీదే ఆధారపడి ఉంటుంది. ఫోను మోగినప్పుడు రమ్మనే పని మాకొద్దు. నెలజీతం కావాలి. ఒక్సానా యాస చూసి ఒక రూపాయి తక్కువ ఇస్తామంటే అదీ వద్దు."

"ఇక్కడ రూపాయి లేదు, యూరో," అంది ఒక్సానా వెనకనుంచి.

ఆ రూపాయి ముక్క మాత్రం ఆర్నెని చూసి, కథ చెప్పే నేను కలిపిందే. సిర్పా యూరో అనే అంది. తక్కిన సంభాషణంతా నిజం, షెడ్డులో ఉన్నవాళ్ళనెవరినైనా అడగండి. ఒకటికి రెండుసార్లు అడగాలి, అంతే.

కంపెనీ మనిషి కాసేపు ఆమె ముఖంలోకి చూశాడు. బేరానికి వచ్చిన చోట తనతోనే బేరం పెడతారని అనుకోలేదు కాబోలు. చేతి తొడుగులు విప్పి, పీట లాక్కుని కూచున్నాడు.

"సరే, చెప్పండి."

"ముందు కాఫీ తాగండి," అంది సిర్పా. "చెప్పాల్సింది చాలా ఉంది."